ట్యాగుల్లో కూడా వాడ ఊరి బయటేనా?

పాడ్‌కాస్ట్ ఎపిసోడ్‌కి ట్యాగులు పెట్టడం ఏదో టెక్నికల్ పని అనుకుంటున్నారు మనవాళ్లు. నేను ఒప్పుకోను. అది పేరు పెట్టే పని. మనకి పేరు ఎవరు పెట్టాలన్నది మన పాత తగాదా. 1917లో బెజవాడలో పంచమల సభ అని పిలిచి కూచున్న మన పెద్దలు, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆ "పంచమ"ని కొట్టేసి "ఆది ఆంధ్ర" అని రాసుకున్నారు. ఆ సంగతి మర్చిపోయి ఇవాళ మన ట్యాగులు మనమే పాడుచేసుకుంటున్నాం.

జాషువా మీద ఎపిసోడ్ వస్తే ఒకటే ట్యాగు: "దళిత కవి". విశ్వనాథ మీద వస్తే "తెలుగు సాహిత్యం", "పద్యం", "క్లాసిక్". 1941 నాటి "గబ్బిలం" పద్యకావ్యం కాదా? తెలుగు కాదా? విశ్వనాథకి కులం పేరుతో ట్యాగు పెట్టినవాళ్లు నాకైతే ఇంతవరకు కనపడలేదు.

ఇంకో రోగం మన పిల్లలదే. కారంచేడు (1985), చుండూరు (1991) మీద కష్టపడి ఎపిసోడ్ చేస్తారు. ట్యాగులు మాత్రం "గ్రామీణ జీవితం", "సామాజిక సమస్యలు". అదేంట్రా అంటే, "దళిత అని పెడితే రీచ్ పడిపోద్ది సార్" అంటారు. కారంచేడు అని వెతుక్కునే ఫస్టియర్ పిల్లకి దొరకని ఎపిసోడ్ ఎవరికి రీచ్ అయినట్టు?

ట్యాగు పెట్టగానే జనం వచ్చి పడరు, అది కూడా తెలుసుకోండి. ట్యాగుల పాత్ర చాలా తక్కువ, టైటిల్, డిస్క్రిప్షన్ ముఖ్యం అని యూట్యూబే చెప్తోంది. జనం తరచూ తప్పు స్పెల్లింగుతో వెతికే మాటలకి ట్యాగులు పనికొస్తాయని కూడా చెప్తోంది. మనకి కావాల్సింది అదే. చుండూరుని ఇంగ్లీషులో కొందరు సీ, హెచ్‌లతో, కొందరు టీ, ఎస్‌లతో మొదలుపెడతారు. జాషువాని కొందరు జే పక్కన ఏతో, కొందరు ఓతో రాస్తారు. ఆ రూపాలన్నీ ట్యాగుల్లో పెట్టండి. ఊరు, సంవత్సరం, మనిషి పేరు టైటిల్లోనే రాయండి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. సంబంధం లేని సినిమా హీరోల పేర్లు తగిలించొద్దు. అది వినేవాళ్లని మోసం చేయడం.

"దళిత" అని పెట్టండి. దాని పక్కనే "తెలుగు సాహిత్యం", "ఆంధ్ర చరిత్ర" అని కూడా పెట్టండి. మొదటిది తీసేస్తే మన పోరాటం కనపడదు. రెండోది తీసేస్తే సాహిత్యం, చరిత్ర వాళ్లకే రాసిచ్చినట్టు. రీచ్ పేరు చెప్పి ఎవరు అడిగినా రెండిట్లో ఒక్కటి కూడా వదలొద్దు. ఈ వారం మీ పాత ఎపిసోడ్లు తెరిచి సరిచేయండి.

జై భీమ్.