తపాలా కట్టలూ, కొండంత గ్రంథాలూ

ఐఐటీ ప్రవేశపరీక్షకు తపాలా పాఠాలు తెప్పించుకొన్న పిల్లవానికి వర్మ, ఇరొడోవ్, లోనీ పుస్తకాలన్నీ కొనిపెట్టవలెనని బోధించే పెద్దలతో నాకు పేచీ. రెండూ కలిపి చదవడం తప్పనను. కలిపే తీరే తప్పు. తపాలా పాఠం సూత్రమిచ్చి లెక్క చేయిస్తుంది. ఆ సూత్రం ఎట్లు పుట్టినదో హెచ్.సి. వర్మగారు చెబుతారు. కనుక అధ్యాయం ముందు, కట్టలోని ప్రశ్నపత్రం తరువాత. మనవారు పత్రం ముందేసుకొని, రాని లెక్క కోసం నాలుగు పుస్తకాలు తిరగేయిస్తారు. అది చదువా, వెదుకులాటా? ఇరొడోవ్‌ది లెక్కల సంకలనం. సూత్రాలే తప్ప పాఠముండదు. దానితో మొదలుపెట్టించడం అక్షరాభ్యాసంనాడు వసుచరిత్ర చేతికివ్వడమే!

ఇక తెలుగు మాధ్యమపు బిడ్డ. జేఈఈ మెయిన్ 2021 నుండి తెలుగులోనూ వ్రాయవచ్చును. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే. అయ్యా, వానికి మరో ఆంగ్లగ్రంథం కొనేముందు, తెలుగు అకాడమి భౌతికశాస్త్రం తుదికంటా చదివాడేమో అడిగారా?