పూజపొట్లమును, ప్రోగ్రాము టెంప్లేటును

చంద్రగిరి నుండి తిరుపతి కళాశాలలకుఁ బోయివచ్చు బాలికలలో నేఁడు కంప్యూటరు విద్య నభ్యసించువారు పెక్కురు. క్రొత్త ప్రోగ్రామును మొదలిడునపుడు సిద్ధముగ నున్న టెంప్లేటును గైకొనవలెనా, కావలసినవానిని దామే యొక్కొక్కటిగఁ జేర్చుకొనవలెనా యని వారి నడుమ వాదము తఱచు. ఇది గృహిణులకుఁ బట్టని సంగతి యని సోదరీమణులు తలంపవలదు. వరలక్ష్మీవ్రతమునకు అంగడిలో నమ్ము పూజాసామగ్రి పొట్లము వంటిదే టెంప్లేటు. పొట్లము కొన్నచో నాలుగంగళ్లు తిరుగుట తప్పును. కాని విప్పి చూడనిదే మన యింటి యాచారమునకు వలయునవి యందున్నవో లేవో తెలియదు.

ఏ ప్రోగ్రామును ఆమూలాగ్రముగ నొక్కరే వ్రాయరు. ఇతరులు వ్రాసియుంచిన లైబ్రరీల నాధారము చేసికొందురు. అట్టి యాధారములకే డిపెండెన్సీలని పేరు. జావా భాషవారికి మేవెన్ అను సాధనము కలదు. లైబ్రరీని వెలువరించినవారి గుర్తు, దాని పేరు, వెర్షను సంఖ్య యను మూఁటిని ఒక ఫైలులో వ్రాసినచో మేవెన్ దానిని దెచ్చి జతపఱచును. స్ప్రింగ్ ఇనీషియలైజర్ అను టెంప్లేటు సాధనములో నైతే పేర్లను ఎన్నుకొన్నఁ జాలును, ఆ ఫైలే సిద్ధమై వచ్చును. స్ప్రింగ్ వెబ్ అను నొక్క పేరు వెంట టామ్‌క్యాట్, జాక్సన్ మున్నగునవి వచ్చి చేరును. వాని వెర్షనులు ఒకదానితో నొకటి పొసఁగునట్లు ముందే సరిచూడఁబడి యుండును. ఇది స్వల్పమైన మేలు గాదు. అనుభవము లేని బాలిక తనకుఁ దోఁచిన వెర్షనులను జేర్చినచో, కంపైలు చేయునపుడు అంతయు సరిగానే యుండి, నడచునపుడు ఫలానా మెథడ్ లేదని ప్రోగ్రాము ఆఁగిపోవచ్చును. ఆ తప్పును వెదకుటలో రాత్రులే గడచును.

అట్లని టెంప్లేటును విప్పి చూడకుండుట నాకు సమ్మతము గాదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అను జావా లైబ్రరీలో ఘోరమైన లోపము బయలుపడెను. దుష్టులు పంపిన యొకానొక వాక్యమును ఆ లైబ్రరీ నమోదు చేసినంతనే, వారి ప్రోగ్రాము పరుల సర్వరులో నడచుటకు వీలు కలిగెను. పెక్కు సంస్థలవారు తమ ఫైళ్లలో దాని పేరే వ్రాసియుండలేదు. వేఱొక లైబ్రరీ వెంట నది లోనికి వచ్చియుండెను. స్ప్రింగ్ బూట్ టెంప్లేటుతో సహజముగ వచ్చునది లాగ్‌బ్యాక్ అగుటచే, దానిని మార్చుకొనని వారికి ఆ టెంప్లేటు వలన నీ యాపద రాలేదు. కావున చేతితోఁ జేర్చుటయే క్షేమమను బాలికల మాటయు సరి గాదు. వారు వ్రాసిన యొక్క పంక్తి వెనుకను పదియో యిరువదియో లైబ్రరీలు, పెండ్లికి వచ్చు చుట్టముల చుట్టములవలె, పిలువకయే వచ్చుచుండును.

టెంప్లేట్లకు ఆయువు కూడఁ గలదు. 2016లో ఫేసుబుక్కువారు వెలువరించిన క్రియేట్ రియాక్ట్ యాప్‌తో ఎందఱో విద్యార్థులు చదువు మొదలిడిరి. 2025 ఫిబ్రవరిలో, క్రొత్త పనులకు దానిని వాడవలదని రియాక్ట్ వారే ప్రకటించిరి. లోపలి యమరిక నెఱిఁగినవారికి వీట్ వంటి వేఱొక సాధనమునకు మాఱుట కష్టము గాదు. మీట నొక్కుట మాత్రమే నేర్చినవారి మాట వేఱు.

ఇంట నీ విద్య నభ్యసించు కుమార్తె గల సోదరీమణులు ఆమె కీ పని నప్పగింపవచ్చును. టెంప్లేటుతోనే మొదలిడనిండు, గడువు దగ్గఱపడినపుడు అదియే తగును. పిమ్మట మేవెన్‌కు డిపెండెన్సీ ట్రీ యను నాజ్ఞ నిచ్చినచో, ఏది దేని వెంట వచ్చినదో కొమ్మలు కొమ్మలుగఁ గానవచ్చును. అందుఁ దనకుఁ దెలియని పేరొకటి యెంచుకొని, అది యేల వచ్చినదో కనుఁగొననిండు. సెలవులలో నొక చిన్న ప్రోగ్రామును ఖాళీ ఫైలుతో మొదలిడి, ఒక్కొక్క డిపెండెన్సీనే చేర్చుచు నిర్మించి, టెంప్లేటు ఇచ్చిన ఫైలును ప్రక్కనుంచుకొని రెంటిని పంక్తి పంక్తిగఁ బోల్చుకొననిండు.