కోసి చేస్తారా, కెమెరాతో చేస్తారా?

పసిపిల్లలకి హెర్నియా ఆపరేషన్ అనగానే మన ఇళ్ళల్లో ముందు వచ్చే ప్రశ్న ఇదే. "లాప్రోస్కోపీ" అంటే అందరికీ ఊరట. "చిన్న కోత పెడతాం" అంటే మాత్రం, ఇంకా పాతకాలం డాక్టరే అని పెదవి విరుపు. ఫోన్ కొన్నట్టు కొత్త మోడల్ ఏదా అని చూస్తే ఎలాగండీ!

మా వదిన మనవడికి ఈ మధ్యే ఈ ఆపరేషన్ అయింది. నాలుగు నెలల వాడు, నెలలు నిండకుండా పుట్టాడు. ఏడ్చినప్పుడల్లా కుడి గజ్జలో ఉసిరికాయంత ఉబ్బు, నిద్రపోతే మాయం. "పేగు జారింది, రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టండి" అన్నారు ఇంట్లో పెద్దావిడ. బిళ్ళ కట్టేది బొడ్డు ఉబ్బుకి. అది చాలామంది పిల్లల్లో నాలుగైదేళ్ళలోపు దానంతటదే మూసుకుపోతుంది, పేరు మాత్రం బిళ్ళకి వస్తుంది. గజ్జల్లో వచ్చేది అలా పోదు. మగపిల్లాడు కడుపులో ఉండగా వృషణం పొట్టలోంచి కిందికి దిగుతుంది. దాని వెంట సన్నటి సంచిలాంటి దారి ఒకటి ఏర్పడుతుంది. అది మూసుకోకపోతే అందులోకి పేగు జారుతుంది. జారిన పేగు ఇరుక్కుంటే ఉబ్బు గట్టిపడి, వాంతులై, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఆ ప్రమాదం మొదటి ఏడాదిలోనే ఎక్కువ. అందుకే ఆపరేషన్ తప్పదు.

ఇక పద్ధతుల సంగతి. రెండింటిలోనూ చేసే పని ఒకటే, ఆ సంచి మూతిని పైన కట్టేయడం. పెద్దవాళ్ళకి వేసే మెష్ పసివాళ్ళకి వెయ్యరు. కోసి చేస్తే గజ్జ మడతలో చిన్న గాటు పెడతారు, మచ్చ మడతలోనే కలిసిపోతుంది. కానీ సంచిని వీర్యనాళం నుంచి, రక్తనాళాల నుంచి విడదీయాలి. నెలల పిల్లాడిలో ఆ నాళం దారప్పోగంత ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే తెలిసేది వాడు పెళ్ళీడుకి వచ్చాకే. ఆడపిల్లల్లో ఆ బెడద లేదు.

కెమెరాతో అయితే అంత విడదీయక్కర్లేదు, రెండో వైపు కూడా కనిపిస్తుంది. అటు కూడా దారి తెరుచుకుని ఉంటే ఒకేసారి కట్టేయొచ్చు. ఇది లాభమేనా అంటే, అక్కడే సర్జన్లు రెండుగా చీలతారు. తెరుచుకుని ఉన్న ప్రతి దారీ హెర్నియా అవ్వదు కదా, రాని జబ్బుకి కుట్టు ఎందుకంటారు కొందరు. పైగా కెమెరా పద్ధతికి పొట్టలో గ్యాస్ నింపాలి, పూర్తి మత్తిచ్చి గొంతులో గొట్టం వెయ్యాలి. కోసి చేసేదైతే చాలామంది పసివాళ్ళకి వెన్నులో మత్తు సరిపోతుంది.

మత్తంటే బుర్ర మందగిస్తుందేమోనని మన భయం. దాని మీద ఏడు దేశాల్లో, హెర్నియా ఆపరేషన్ అయిన 700 మందికి పైగా పసివాళ్ళని గమనించారు. కొందరికి పూర్తి మత్తు, కొందరికి నడుం కిందికి మాత్రమే. ఐదేళ్ళు వచ్చాక తెలివితేటల్లో తేడా కనిపించలేదని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆపరేషన్ గంటలోపు ముగిసేదైతే ఆ బెంగ అక్కర్లేదన్నమాట. నెలలు నిండని వాళ్ళకి ఊపిరి సంగతి వేరు.

మా వాళ్ళ డాక్టరుగారు "కోసి చేస్తాను, అదే మంచిది" అని ఊరుకున్నారు. అల్లుడికి నచ్చలేదు, వేరే ఆసుపత్రికి పోదామన్నాడు. అప్పుడు మా వదిన, "బాబూ, మీ చేతికి ఏది బాగా అలవాటు? మా వాడికే ఇది ఎందుకు?" అని అడిగింది. పుట్టగానే పది రోజులు వెంటిలేటర్ మీద ఉన్న పిల్లాడికి మళ్ళీ గొట్టం వెయ్యడం ఇష్టం లేదని, తను ఏళ్ళ తరబడి చేస్తున్నది ఇదేనని ఆయన చెప్పారు. అల్లుడు ఇంకేం మాట్లాడలేదు. ఆ రెండు ముక్కలూ అడక్కముందే చెప్పడానికి ఏం పోయింది?

వారానికి నాలుగు కోత ఆపరేషన్లు చేసే చెయ్యి, నెలకొకసారి కెమెరా పట్టే చేతికన్నా నయమని నా నమ్మకం. ఇది తిరగేసినా అంతే. రోజూ కెమెరాతో చేసేవారిని పట్టుకుని కోసే చెయ్యమని బతిమాలడం దేనికి? పిల్లల సర్జనా కాదా, మత్తిచ్చేవారికి పసివాళ్ళతో అలవాటుందా అన్నవి నేను ముందు అడుగుతాను.

ఇంకొక మాట. కాగితాలు తండ్రి చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నారు, తల్లి వెనకాల నిలబడింది. ఉబ్బు ఎప్పుడు గట్టిపడిందో, వేలితో నొక్కితే లోపలికి పోయిందో లేదో చెప్పగలిగింది ఆ పిల్లే. ఆపరేషన్‌కి ముందు తల్లిపాలైతే నాలుగు గంటలు, పోతపాలైతే ఆరు గంటలు ఆపాలి. ఆఖరిసారి ఎన్నింటికి పాలు తాగాడని నర్సు అడిగితే అల్లుడు వెనక్కి తిరిగి చూశాడు.