తప్పు డ్రైవరుది.. భారం యజమానిది!
ఉల్లంఘనలకు బీమా ముడిపడితే పల్లె కార్లకూ సెగ

నల్గొండ: కారు ఆర్‌సీ పల్లెలోని తండ్రి పేరున ఉంటుంది. స్టీరింగు హైదరాబాదులోని కుమారుని చేతిలో ఉంటుంది. నగర కూడళ్లలోని కెమెరాకు చిక్కేది నంబరు ప్లేటు మాత్రమే కనుక చలానా తండ్రి పేరుననే నమోదవుతుంది. ఇంతవరకు ఈ వ్యవహారం జరిమానాతోనే ముగుస్తున్నది. ఉల్లంఘనల చిట్టా రేపు బీమా ప్రీమియంలోనూ చేరితే ఆ భారం ఎవరు మోయాలన్నది జిల్లాలోని వాహన యజమానులు ఇప్పటినుంచే ఆలోచించవలసిన విషయం.

ప్రతిపాదన ఇదీ..
హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ అంశంపై 2019లో ఒక కార్యబృందాన్ని నియమించింది. 2021 జనవరిలో వెలువడిన నివేదికలో, ఇప్పుడున్న ప్రీమియం భాగాలకు అదనంగా 'ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం' వసూలు చేయాలని ఆ బృందం సిఫారసు చేసింది. మద్యం సేవించి నడిపితే 100 పాయింట్లు, నిషిద్ధ స్థలంలో నిలిపితే 10 పాయింట్లు చొప్పున తప్పు తీవ్రతను బట్టి లెక్కగట్టాలన్నది అందలి సారాంశం. ద్విచక్ర వాహనాలకు రూ.100 నుంచి రూ.750 వరకు, కార్లు, ఆపై వాహనాలకు రూ.300 నుంచి రూ.1,500 వరకు అదనపు ప్రీమియం సూచించింది. తొలుత ఢిల్లీలో ప్రయోగాత్మకంగా చేపట్టాలని తలపోసినా 2024 నాటికీ అది ఆచరణకు నోచుకోలేదు. ఆ ఏడాది ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరు వి.కె.సక్సేనా ఇదే విషయమై కేంద్ర ఆర్థిక మంత్రికి లేఖ రాయడంతో చర్చ మళ్లీ మొదలైంది.

ఇప్పటి లోపం ఎక్కడ?
కారు బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సామర్థ్యాన్ని బట్టి నిర్ణయమవుతుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు కారుకు రూ.2,094, 1,500 సీసీ వరకు రూ.3,416, ఆపై రూ.7,897. నియమం తప్పని చోదకునికీ, మద్యం మత్తులో పలుమార్లు పట్టుబడినవానికీ ఇందులో భేదం లేదు.

సొంత నష్టం బీమాలో 'నో క్లెయిమ్ బోనస్' ఉన్నది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతంతో మొదలై, అయిదేళ్లకు 50 శాతం వరకు రాయితీ లభిస్తుంది. అయితే ఇది క్లెయిమ్‌ను చూస్తుందే తప్ప నడవడిని చూడదు. ఎన్ని చలానాలున్నా క్లెయిమ్ చేయనివానికి సగం రాయితీ దక్కుతుంది. నిలిపి ఉన్న కారును మరొకరు ఢీకొట్టి పోయినా, మరమ్మతుకు క్లెయిమ్ చేసిన నిర్దోషి మాత్రం బోనస్ కోల్పోతాడు.

జరిమానాల భయం కూడా సడలుతున్నది. తెలంగాణలో పెండింగు చలానాలపై 2022లో కార్లకు 50 శాతం, ద్విచక్ర వాహనాలకు 75 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబరులో ప్రకటించిన రాయితీ వరుసగా 60, 80 శాతానికి పెరిగింది. వెంటనే చెల్లించినవాడు నష్టపోయి, ఎగవేసినవాడు లాభపడ్డాడన్న విమర్శకు ఇది తావిచ్చింది.

మత్తులో నడిపితే..
కొత్త ప్రీమియం వచ్చినా రాకున్నా, తీవ్రమైన తప్పుకు బీమా పరంగా మూల్యం ఇప్పటికే ఉన్నది. వంద మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను వర్తిస్తుంది. 2019 సవరణ తరువాత మొదటిసారికి రూ.10 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. మత్తులో ఉండగా జరిగిన ప్రమాదంలో సొంత కారు నష్టానికి పాలసీ వర్తించదు. ఎదుటివారికి చెల్లించవలసిన పరిహారం విషయంలోనూ మత్తును బీమా సంస్థ తన వాదనకు ఆధారం చేసుకునే వీలును ఆ సవరణ కల్పించింది. ఇటువంటి నిబంధనల ఉల్లంఘన కేసులలో బాధితునికి ముందు బీమా సంస్థ చెల్లించి, పిదప ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవాలని న్యాయస్థానాలు ఆదేశించిన సందర్భాలున్నాయి. పరిహారం లక్షల్లో ఉంటే పొలం అమ్మినా తీరని అప్పు అవుతుంది.

ఎవరిపై వేయాలి?
కార్యబృందం సూచించిన ప్రీమియం వాహనానికి వర్తించేదే గాని చోదకునికి కాదు. కొత్త కారు కొన్నవారి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఆ విధంగా కార్లు మార్చగల సంపన్నుడు తప్పించుకునే అవకాశం ఉన్నది. అప్పు చేసి కొన్న కారును నగరంలో అద్దెకు తిప్పడానికి డ్రైవరు చేతికిచ్చిన పల్లె యజమానికి ఆ వెసులుబాటు లేదు. డ్రైవరు మారినా అతని తప్పులు బండిమీదనే మిగులుతాయి. పైగా గరిష్ఠ మొత్తమైన రూ.1,500 మధ్యతరగతి కారు థర్డ్ పార్టీ ప్రీమియంలో దాదాపు 44 శాతం. చిన్న యజమానికి అది బరువు, పెద్ద కారు యజమానికి లెక్కలోనిది కాదు.

కనుక పాయింట్లను లైసెన్సుకు జోడించి, యజమాని తాను నడపలేదని నిరూపించుకునే మార్గం కల్పించి, తప్పుడు చలానాను సవాలు చేసే ఏర్పాటు జిల్లా స్థాయిలోనే ఉంచినప్పుడే ఈ విధానం న్యాయసమ్మతమవుతుంది. అంతవరకు యజమానులు తమ జాగ్రత్తలో తాముండటం మేలు. బండి నంబరుపై ఉన్న చలానాలను నెలకొకసారి చూసుకోవాలి. డ్రైవరు లైసెన్సు గడువు పరిశీలించాలి. విక్రయించిన కారును వెంటనే కొన్నవారి పేరుకు మార్పించాలి. తాళం చెవి ఇచ్చినంత మాత్రాన బాధ్యత చేతులు మారదన్న సంగతి గుర్తెరగాలి.