బస్సు సరే, రాత్రి మాటేమిటి?

2025 దసరా సెలవుల్లో మా ఇంటి ఆడవాళ్లం, పిల్లలం కలిసి మూడు రోజులు నాలుగు చోట్లు చూసి వద్దామని వరంగల్ నుంచి బయల్దేరాం. అత్తమ్మ, తోడికోడలు, భర్త పోయి పుట్టింట్లోనే ఉంటున్న ఆడపడుచు, నేను, అయిదుగురు పిల్లలు. మొత్తం తొమ్మిది మందిమి. మగవాళ్లు పనులున్నాయని రాలేదు. అత్తమ్మకు అరవై ఏడేళ్లు. చుట్టాల ఇళ్లలో తప్ప మరోచోట రాత్రి గడపడం ఆమెకు అదే మొదటిసారి.

మాకు ధైర్యమిచ్చింది బస్సు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. మగపిల్లలిద్దరికి మాత్రం టికెట్టు కొన్నాం. ప్రయాణానికి డబ్బు కావాలంటే మగవాడి జేబు వైపు చూడాల్సిన అవసరం తప్పింది. ఇది చిన్న విషయం కాదు. కానీ బస్సు సాయంత్రానికి ఏదో ఒక ఊళ్లో దింపుతుంది. ఆ తర్వాత?

మొదటి రోజు సూర్యాపేట. పక్కనే ఉన్న పిల్లలమర్రి గుళ్లు చూశాం. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ తన పేరున కట్టించింది. ఒక స్త్రీ పేరున గుడి ఉందని విని అత్తమ్మ చాలా సంతోషపడింది. రాత్రికి లాడ్జికి వెళ్తే, గదికి ముగ్గురికంటే ఎక్కువ కుదరదు, పిల్లలున్నారు కాబట్టి రెండు గదులతో సరిపెడతామన్నారు. గది 1,400. రెండింటికి 2,800. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక్క రాత్రి నిద్రకు తొమ్మిది రోజుల కూలి! లాడ్జి గది అంటే భార్యాభర్తలూ ఒకరో ఇద్దరో పిల్లలూ అన్న లెక్కతోనే కడుతున్నారు. అత్తమ్మలు, విధవరాళ్లైన ఆడపడుచులు, ముగ్గురు నలుగురు పిల్లలు ఉన్న కుటుంబాలు ఆ లెక్కలోకి రావు.

ఇలాంటప్పుడు అందరూ చేసేదేమిటి? ఖర్చు తగ్గుతుందని ఒక్క గది తీసుకుని అందులోనే అందరూ సర్దుకుంటారు. ఆ సర్దుకోవడం ఎవరిది? మంచం మగవాళ్లకు, నేల ఆడవాళ్లకు. స్నానానికి ఆఖరి వంతు ఆడవాళ్లది. బట్టలు మార్చుకోవడానికి చోటుండదు. బహిష్టు అయితే ఇక ఆ బాధ చెప్పనక్కర్లేదు. హోటల్ తిండి ఖర్చని స్టవ్వు, గిన్నెలు మోసుకెళ్లి అక్కడా వండేది మనమే. సెలవులు ఇంటిల్లిపాదికీ, చాకిరీ మాత్రం మనకు!

రెండో రోజు మేళ్లచెర్వు శివాలయం చూసుకుని కోదాడ చేరేసరికి చీకటి పడింది. మొదటి లాడ్జిలో కౌంటర్ దగ్గరున్న అబ్బాయి, “మీ సార్లు రాలేదా అమ్మా?” అన్నాడు. రాలేదన్నాను. “అయితే రూములు లేవు” అన్నాడు. మా వెనకాలే వచ్చిన ఇద్దరు మగవాళ్లకు మా ఎదుటే తాళంచెవి ఇచ్చాడు. రెండో లాడ్జిలో, “లేడీస్ ఒక్కరే ఉంటే ఇయ్యమమ్మా, పోలీసులతోని పరేషాన్” అన్నారు. తొమ్మిది మందిమి నిలబడి ఉన్నాం. అయినా మేము “ఒక్కరే”! మగవాడు లేకపోతే ఎంతమంది ఉన్నా ఒంటరివాళ్లమే అన్నమాట. ఆ రాత్రి బస్టాండులో గడిపాం. అత్తమ్మను బెంచీ మీద పడుకోబెట్టి, మేం ముగ్గురం వంతులవారీగా మేలుకున్నాం.

గదికి మగతోడు ఉండాలని ఏ చట్టమూ చెప్పదు. పైగా రాజ్యాంగంలోని 15(2) అధికరణం హోటళ్లలోకి ప్రవేశం విషయంలో మతం, కులం, లింగం వంటి కారణాలతో ఎవరికీ అడ్డు చెప్పకూడదని అంటుంది. ఈ మాట మన సమావేశాల్లో ఎన్నోసార్లు చెప్పి ఉంటాను. ఆ కౌంటర్ ముందు మాత్రం, నిద్రకు తూలుతున్న పిల్లలతో, నోరు పెగల్లేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మూడో రోజు వాడపల్లిలో కృష్ణా మూసీ సంగమం చూసి మిర్యాలగూడ వచ్చాం. అక్కడొక లాడ్జిని తల్లీకూతుళ్లు నడుపుతున్నారు. మమ్మల్ని చూసి, పెళ్లివాళ్లు దిగే మేడమీది హాలు తెరిచారు. చాపలు, దిండ్లు, ఫ్యాన్లు, రెండు బాత్రూములు, లోపలి నుంచి గడియ. పెద్దలకు 150, పిల్లలకు సగం. మొత్తం 975 రూపాయలు. అత్తమ్మ గడియ రెండుసార్లు వేసి చూసి, తెల్లారేదాకా హాయిగా నిద్రపోయింది. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఖాళీగా ఉండే హాలే కాబట్టి తమకూ నష్టం లేదని ఆ తల్లి చెప్పింది. కాబట్టి ఇది జరగని పనేమీ కాదు.

హింస, భూమి, కూలి లాంటి సమస్యలుండగా విహారయాత్రల గురించి మాట్లాడాలా అని మనవాళ్లే అడగొచ్చు. విశ్రాంతి కూడా హక్కే అన్నది నా మొదటి జవాబు. రెండోది, ఆ కౌంటర్ దగ్గరికి వచ్చేది యాత్రకు వెళ్లేవాళ్లే కాదు. కోర్టు వాయిదాకు ముందురోజే వచ్చిన మనిషి, కూతుర్ని పరీక్షకు తీసుకొచ్చిన తల్లి, దెబ్బలు తిని పిల్లలతో ఇల్లు వదిలిన మనిషి, అందరూ ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకోవాలి. “మీ సార్ రాలేదా?”

పుణ్యక్షేత్రాల్లో సత్రాలున్నాయి కదా అంటారు. చాలావాటిలో ముందు అడిగేది కులం. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు లక్షలమంది వస్తారు. వాళ్లలో ఎందరు ఆడవాళ్లు చెట్లకింద, ట్రాక్టర్ల కింద రాత్రి గడుపుతారో చూసినవాళ్లకు తెలుసు.

మనం అడగాల్సినవి పెద్దవేమీ కావు. ఈ మూడు ఊళ్ల బస్టాండుల్లోనూ గడియ ఉన్న తలుపుతో, స్నానాల గదులతో ఆడవాళ్లకు, పిల్లలకు రాత్రి బస హాలు ఉండాలి. దాన్ని మహిళా సమాఖ్యలకు అప్పగించాలి. లాడ్జీల బోర్డు మీద గది రేటుతోపాటు హాల్లో తలకింత అన్న రేటూ ఉండాలి. గుర్తింపు కార్డు చూపిన స్త్రీకి గది నిరాకరిస్తే మున్సిపాలిటీ ఊరుకోకూడదు.

ఈలోగా మీ ఊళ్లో ఒక సాయంత్రం నలుగురు కలిసి లాడ్జికి వెళ్లి గది అడగండి. వాళ్లేమన్నారో రాసి పంపండి. నాలుగు ఊళ్ల జవాబులు చేతిలో ఉంటే, వాటితో కలెక్టర్ దగ్గరికి వెళ్దాం. ఈసారి నేను నోరు మూసుకోను.