చిన్న పెంపు

మొన్న జుమ్మా నమాజ్ అయ్యి పది నిమిషాలైనా కాలేదు, మా భాంజా సోమందేపల్లి మసీదు గోడ పక్కకు నన్ను తీసుకెళ్లి ఫోన్ చూపించాడు. పెనుకొండ వైపు ఫ్యాక్టరీలో వాడికి నైట్ షిఫ్టు. పోకర్‌లో రాత్రి పోగొట్టుకున్న ఆట ఫోటో తీసి పెట్టుకున్నాడు.

"మామూ, వీడు ఇంత తక్కువే ఎందుకు పెంచాడంటావ్?"

అస్తగ్‌ఫిరుల్లా! కానీ తిట్టలేకపోయాను. షాదీకి ముందు బెంగళూరులో ఉన్నప్పుడు నేనూ ఆడాను. రూమ్ కిరాయి డబ్బులు పోయాకే తౌబా చేశాను. ఈ సంగతి మా అమ్మీకి ఇప్పటికీ తెలీదు.

ఆట చూశాను. మావాడి దగ్గర రాజుల జత. ఐదో ముక్కతో కింద మూడు ఇస్పేట్లయ్యాయి. పాట్‌లో 400 రూపాయలు. వాడు 200 వేస్తే అవతలివాడు దాన్ని 400 చేశాడు. అంటే ఇంకో 200 కడితే వెయ్యి రూపాయల కోసం పోటీలో ఉన్నట్టు. ఆరింటిలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. హిసాబ్ సరైనదే. "దమ్ముంటే ఎక్కువ పెంచేవాడుగా, భయపడుతున్నాడు" అనుకుని మావాడు కట్టేశాడు. అవతలివాడు ఇస్పేట్లు పరిచాడు.

చిన్న టేబుళ్ల దగ్గర నేను కిరాయి డబ్బులు పోసి నేర్చుకున్నది ఇదే. ఝూట్ ఆడేవాడు పెద్ద మొత్తం పెడతాడు, ఎందుకంటే మనం పారిపోవాలి వాడికి. ఆఖరి ముక్క దగ్గర కొంచెమే పెంచేవాడికి మనం కూర్చోవాలి. ఎప్పుడో ఒకడు తప్ప, వాడి చేతిలో మంచి ముక్కలే ఉంటాయి. అందుకే ఆ ఆరింటిలో ఒకటి కూడా రాదు.

ఇంత హునర్ ఉన్న ఆటను జువా అంటారేంటని మావాడి వాదన. ఆ వాదనకు పాత ఆధారమే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటే అంది. కుర్రాళ్లకు ఆ సగమే తెలుసు. పందెం ఆటమీద ఇల్లుగలవాడు లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. యాప్ చేసేది ఆ పనే కదా! ఎవరు గెలిచినా పాట్‌లో దాని కోత దానికి ఉంటుంది. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అయినా మావాడికి ఎవరో దోస్తు లింకు పంపాడట.

ఇళ్లలో మనం "హరామ్" అని ఒక్క మాట అనేసి దస్తర్‌ఖాన్ దగ్గరికి లేచిపోతాం. ఆ మాట హఖే. కానీ సూరె బఖరా 219వ ఆయత్ కూడా జువాలో కొంత ఫాయిదా ఉందని ఒప్పుకున్నాకే, దాని గునా ఫాయిదా కంటే పెద్దదని చెబుతుంది. మనకు ఆ ఓపిక లేదు. పిల్లాడు గెలిచిన రోజు సంగతి మనం వినం, అందుకే ఓడిన రోజు సంగతి వాడు చెప్పడు. పక్కన కూర్చుని హిసాబ్ అడిగే అమ్మీ, అబ్బా ఎంతమంది? యాభై రూపాయల బోనస్, మొదటి వారం చిన్న గెలుపు, తర్వాత చిన్న కర్జా... ఇవన్నీ కూర్చోబెట్టే పెంపులే. ఒకేసారి యాభై వేలు అడిగితే ఏ కుర్రాడైనా లేచి వచ్చేస్తాడు.

ఇదంతా వాడికి చెప్పాను. తల ఊపాడు. కాసేపు ఆగి, "మామూ, జీతం వచ్చేదాకా ఒక్క ఐదొందలు" అన్నాడు.

రంజాన్‌లో రెండొందలు. పోయిన నెల మూడొందలు.

"ఇస్తా, ముందు ఆ యాప్‌లో ఇప్పటిదాకా ఎంత పోయిందో తెరిచి చూపించు" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, షిఫ్టు బస్సుకు టైమైందన్నాడు. అప్పటికింకా అసర్ అజాన్ కూడా కాలేదు.