రంగా, రేకా?

మా మారుతి 800 బండి 2009 నాటిది. 2024లో 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి, మరో 5 ఏళ్లు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాము. ఇప్పుడు తలుపుల కింద రంగు పొక్కులు లేచింది. అమ్మాయి పెళ్లిచూపులకు ముందే రంగు వేయించమని ఇంట్లో ఒకటే పోరు.

ఎండకు వెలిసిన రంగు వేరు, పొక్కు వేరు. పొక్కు కింద రేకును తుప్పు తింటూ ఉంటుంది. దానిని గీకి ప్రైమరు పట్టించకుండా పుట్టీ మెత్తి రంగు కొడితే మళ్లీ లేస్తుంది. (ఒక షెడ్డులో నాకు అలాగే చేసి పంపారు. పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం అంటుకోదని అప్పుడు తెలియదు.) పైగా ఒక్క తలుపుకే వేస్తే పాత రంగుతో కలవదు.

మ్యాటు ఎత్తి చూస్తే అడుగు రేకుకు చిల్లు! మా చిన్నవాడు కాళ్లు పెట్టే చోటు. మా ఇంటావిడే, "ముందు ఇది అతికించండి" అన్నది. వెల్డింగుకు ఇచ్చాము. తలుపులు అలాగే ఉన్నాయి. పెళ్లివారు వచ్చేది శనివారం.